నాలుగింటి ఉత్తరం

ఈ ఇంట్లో స్క్రూడ్రైవర్ ఎక్కడుంటుందో మీ తమ్ముడు ఒక్కసారైనా నాకు చెప్పారా? చెప్పలేదు. గరాజ్ నిండా పెట్టెలకి పెట్టెలు పేర్చారు. ఇప్పుడు అడిగితే, అపార్ట్‌మెంట్‌లో కిచెన్ సొరుగులో ఉంది చూడు గిరిజా అంటారు. ఆ అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి ముప్ఫై ఎనిమిదేళ్ళు దాటింది వదినగారూ.

అందుకే వెన్న రాసే చాకుతో తిప్పలు పడుతున్నాను. మిమ్మల్ని గోడ మీంచి దింపి, ఇలా టేబుల్ మీద బోర్లా పెట్టి వెనకాల గోకుతున్నానని ఏమీ అనుకోకండి. ఈ ఫ్రేముకి నాలుగు మేకులున్నాయి. ఒకటి వచ్చింది. తక్కినవి తుప్పు పట్టి కదలటం లేదు.

ఎందుకు విప్పుతున్నానా? చెప్తాను. మొదట్నుంచీ వరసగా చెప్తే తప్ప నాకే కుదరదు.

ఆయన హాల్లో ఉన్నారు. టీవీ సౌండ్ తీసేసి బొమ్మ చూస్తున్నారు. టైం అయిదు కావస్తోంది. నాలుగింటికి జరిగింది ఇదంతా.

మీ తమ్ముడికి జబ్బని మీకు తెలుసుగా, గోడ మీంచి రోజూ చూస్తూనే ఉన్నారు. మూడేళ్ళ కిందట డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఇప్పుడు ఏ ఇయర్ అని అడిగింది. ఎనభైయ్యారు అన్నారు, ఏమాత్రం తడుముకోకుండా. ప్రెసిడెంట్ ఎవరంటే అప్పటాయన పేరు చెప్పారు. తప్పేముంది, ఎనభైయ్యారుకి కరెక్ట్ ఆన్సరే కదా. ఆ సంవత్సరమే ఎందుకు పట్టుకున్నారంటే ఆ డాక్టరమ్మ, కారణం ఉండదండీ, మెదడు ఎక్కడో ఒకచోట ఆగుతుంది అంది. నేను తల ఊపి వచ్చేశాను.

అప్పుడు మా అదితి ఒక పని చేసింది. అదే, మా అమ్మాయి. ఈ దేశంలోనే ఇంకో మూల, కాపెల్‌లో ఉంటుంది, నెలకోసారి ఫ్లైట్ ఎక్కి ఇక్కడికి, మా ఊరు హెర్న్‌డన్ వస్తుంది. పేషెంట్ ఏ కాలంలో ఉంటే మనమూ ఆ కాలంలోకి వెళ్ళాలని, ఇలాంటి జబ్బువాళ్ళని పగలు చూసుకునే డే సెంటర్ వాళ్ళు చెప్పారట. ఇంటర్నెట్‌లో వెతికి, ఎనభైయ్యారులో ప్రపంచంలో జరిగినవన్నీ లిస్టు తీసి, బొమ్మలు ప్రింట్ కొట్టి ఆల్బమ్ చేసింది. ఎంత శ్రద్ధగా చేసిందో. తారీకు ప్రకారం అతికించింది, జనవరి నుంచి డిసెంబరు దాకా.

దాంతో ఏమైందంటే, మీ తమ్ముడికి రోజుకో సంవత్సరం. నిజం. పొద్దున టిఫిన్‌కి జనవరి, భోజనానికి ఏప్రిల్, మధ్యాహ్నం రెండింటికి జూన్. నాకు గడియారం అక్కర్లేదు.

ఇడ్లీ తింటూ అడుగుతారు, షటిల్ ఎగిరిందా అని, అదే, మనుషుల్ని ఆకాశంలోకి తీసుకెళ్ళే రాకెట్టు. మొదట్లో నేను నిజం చెప్పేదాన్ని. ఎగిరిందండీ, డెబ్భై మూడు సెకన్లకి పేలిపోయింది, ఏడుగురూ పోయారు, అందులో టీచరమ్మ కూడా ఉంది అని. ఆయన కంచం పక్కకి నెట్టేసి ఏడ్చేవారు. మర్నాడు మళ్ళీ అడిగేవారు. మళ్ళీ చెప్తే మళ్ళీ ఏడుపు. ఎన్నాళ్ళని చెప్పను? ఒకరోజు, ఎగరలేదండీ, చలి ఎక్కువగా ఉందని వాయిదా వేశారు అన్నాను. మంచి పని చేశారు, ఆ చలికి రాకెట్టులో రబ్బరు రింగు గట్టిపడిపోతుంది అని ఇంకో రెండు ఇడ్లీలు వేయించుకున్నారు.

అలా మొదలైంది. ఈ ఇంట్లో ఆ ఏడుగురూ బతికే ఉన్నారు వదినగారూ. ఫిబ్రవరిలో స్వీడన్ ప్రధానమంత్రి సినిమా చూసి భార్యతో నడిచి ఇంటికెళ్తుంటే కాల్చేశారు కదా, ఆయన్ని నేను టాక్సీ ఎక్కించేశాను. ఏప్రిల్‌లో రష్యా వాళ్ళ అణు కర్మాగారం పేలిన సంగతి వస్తే, చిన్న మంట, గంటలో ఆర్పేశారు అంటాను. అయినా ఆయనకి నమ్మకం కుదరదు. గాలి ఇటు తిరిగితే గడ్డి మీద పడుతుంది, గడ్డి ఆవు తింటుంది, చంటిపిల్ల ఉన్న ఇల్లు అంటారు. చంటిపిల్ల అంటే అదితి, దానికిప్పుడు నలభై దాటాయి. ఇది పాలపొడితో చేసిన మజ్జిగ అని చెప్తేనే అన్నంలో పోయనిస్తారు.

తోకచుక్క వచ్చింది కూడా ఆ ఏడాదే. చూడకండర్రా, ఇంటికి మంచిది కాదు అని మీరే రాయించారు, గుర్తుందా? మేం బైనాక్యులర్స్ పట్టుకుని స్కూల్ గ్రౌండ్‌కి వెళ్ళాం. మబ్బు. ఏమీ కనపడలేదు. చూడలేదు కాబట్టి ఇంటికి మంచే జరగాలి, మీ లెక్క ప్రకారం.

జూన్‌లో ఫుట్‌బాల్ వరల్డ్ కప్. ఆ గోల్ చేత్తో కొట్టాడా తలతో కొట్టాడా అని ఒక అరగంట. జులైలో లిబర్టీ విగ్రహానికి నూరేళ్ళ పండగ, బాణాసంచా. ఆ బొమ్మ చూపిస్తూ, అదితి జడిసి నీ చంకెక్కింది కదూ అంటారు. అది నిజమే. అక్కడిదాకా ఆయన హాయిగా ఉంటారు.

జులై పేజీ తిప్పితే అదితి ఆల్బమ్‌లో ఇంకేవో బొమ్మలున్నాయి. మన గోదావరి లేదు. ఆగస్టు పదహారు వరద ఆ లిస్టులో లేదు వదినగారూ. పాపం దాని తప్పేముంది, ప్రపంచంలో ముఖ్యమైనవి ఇవీ అని ఇంటర్నెట్ ఇచ్చింది, అది అతికించింది. కానీ బొమ్మ లేకపోయినా మీ తమ్ముడు అక్కడ ఆగుతారు. సరిగ్గా నాలుగింటికి. పేజీ మీద చెయ్యి పెట్టి, గిరిజా, గోదావరి పొంగిందంటున్నారు, లంకల్లో గట్లు తెగాయంట, అక్క దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందా అంటారు.

వచ్చిందండీ అంటాను. ఏదో ఒక కాగితం తీసుకుని ఎదురుగా కూచుని చదువుతాను. మందుల షాపు వాళ్ళు మాత్రలతో పాటు ఒక పొడుగు కాగితం ఇస్తారు, తల తిరుగును, వాంతులు అగును అని. ఎక్కువగా అదే. దాన్ని చూస్తూ, చిరంజీవి వాసుకి అక్క ఆశీర్వదించి రాయునది, మేం అందరం క్షేమం, వరద తీసింది, పెంకుటింటికి ఏమీ కాలేదు, గేదెని గట్టు మీద కట్టాం, నువ్వు దిగులు పెట్టుకోకు. ఆఖర్న, నీళ్ళు కాచుకుని తాగు.

ఆ ముక్క లేకుండా మీరు ఒక్క ఉత్తరం రాయించలేదు కదా. మీ తమ్ముడేమో ఇక్కడ కౌంటీ వాటర్ డిపార్ట్‌మెంట్‌లో ఇంజనీరు. లక్షలమంది తాగే నీళ్ళు పరీక్ష చేసి పైపుల్లోకి వదిలే మనిషికి, నీళ్ళు కాచుకుని తాగు అని మీరు. మన ఆఫీస్‌కి రాయమని చెప్పవే అక్కకి, ఇంత ఖర్చుపెట్టి క్లోరిన్ ఎందుకు, అందరికీ గిన్నెలు పంచమంటుంది అని నవ్వేవారు. నవ్వి కాచుకునే తాగేవారు. ఇప్పటికీ అంతే.

రెండోది వచ్చింది. మూడో మేకు కదలటం లేదు. ఉండండి.

నాకు ఉత్తరం చదవటం కొత్త కాదు, మీకు తెలియాలి. మీకు రాత రాదు, మేష్టారి అమ్మాయి చేత రాయించేవారు. ఆ పిల్ల రాత మీ తమ్ముడికి ఒక్క అక్షరం అర్థమయ్యేది కాదు. అందుకని పెళ్ళైన దగ్గర్నుంచీ అన్నం తింటూ నాచేత చదివించుకునేవారు. కాగితం వంక కూడా చూసేవారు కాదు. అక్క గొంతులో చదువు, ఆ పిల్ల గొంతులో కాదు అనేవారు. నేను చదివేదాన్ని, సాగదీసి, మీలాగే.

మరి అసలు ఎనభైయ్యారు సంగతి. ఆల్బమ్‌ది కాదు.

వరద కబురు రాజమండ్రి స్నేహితుడొకాయన ఫోన్ చేసి చెప్పాడు. ఇక్కడ టీవీలో ఏమీ చూపించలేదు. మీ తమ్ముడు రెండు రోజులు నిద్రపోలేదు. మూడో రోజు మీకు ఉత్తరం రాశారు. అది నేనే పోస్ట్ చేశాను, ఏం రాశారో నాకు చదివి వినిపించారు కూడా. అక్కా, ఇక్కడ నేను చేసే పని ఎవడైనా చేస్తాడు. అక్కడ గట్లు కట్టే మనిషి కావాలి. ఉద్యోగం మానేసి గిరిజని, పాపని తీసుకుని వచ్చేయనా? నువ్వు ఊఁ అంటే వచ్చేస్తాను.

మీ అక్క ఏమంటే అదే అన్నాను. మీ మాట ఆయన జవదాటరని నాకు తెలుసు. మీరు రమ్మంటారని కూడా తెలుసు.

సెప్టెంబరు నడిమధ్య ఒకరోజు మధ్యాహ్నం జవాబు వచ్చింది. మీవారి రాత, అన్నయ్యగారిది. పైన శ్రీరామ లేదు. పసుపు లేదు. క్షేమం అన్న మాట లేదు. చూడగానే తెలిసిపోయింది, అపార్ట్‌మెంట్ మెట్ల మీదే నిలబడి చదివాను. తొమ్మిది రోజులు గట్టు మీద ఉన్నారట మీరంతా. ఆ వరద నీళ్ళే తాగారట. అందరికీ మీరే వండి పెట్టారట. వాంతులు, విరేచనాలు పట్టుకుని అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్తే రెండో రోజు పోయారట. చివర రాశారు అన్నయ్యగారు, నీ ఉత్తరం వచ్చింది, వినటానికి మీ అక్క లేదు అని.

చావు కబురు ఇంట్లోకి తీసుకెళ్ళకూడదు కదా. మెట్ల మీదే చించేశాను. లోపలికెళ్ళి కట్టుబట్టలతో టబ్‌లో కూచుని తల మీంచి పోసుకున్నాను. సాయంత్రం ఆయన వచ్చి, మంగళవారం తలంటేంటి అన్నారు. నూనె ఎక్కువైందండీ అన్నాను.

అప్పుడే చెప్పేయాలి. నోటి దాకా వచ్చింది. ఆయన షూస్ విప్పుకుంటూ, అక్క దగ్గర్నుంచి ఉత్తరం ఏమైనా వచ్చిందా అని అడిగారు. వచ్చిందండీ అన్నాను.

భోజనం పెట్టి, ఎదురుగా కూచుని, నా హాస్పిటల్ జీతం కాగితం పట్టుకుని చదివాను. మీ గొంతులో. ఒరే వాసూ, మేం క్షేమం. నువ్వు రావద్దు. పసిపిల్లని వేసుకుని ఈ బురదలోకి ఏం వస్తావు. నువ్వు అక్కడుంటేనే నాకు ధైర్యం. అక్కడే ఇల్లు కొనుక్కో. నా మాట విను. నీళ్ళు కాచుకుని తాగు.

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. సరే అయితే అన్నారు. అంతే. ఇంకెప్పుడూ వెళ్ళిపోదాం అనలేదు. ఆ మర్నాడు పొద్దున నేను అన్నయ్యగారికి ఉత్తరం రాశాను, ఆయన చాలా కుంగిపోయారు, రాయలేకపోతున్నారు, ఏమీ అనుకోకండి అని.

ఆయన గుండె తట్టుకోలేదని దాచాను అనుకునేదాన్ని. చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. కాదు వదినగారూ. ఇక్కడ నాకొక తాళంచెవి ఉంది. హాస్పిటల్ ల్యాబ్‌లో ఉద్యోగం ఉంది. పొద్దున్నే నా తలుపు నేను వేసుకుని, నా కారు నేను నడుపుకుంటూ వెళ్ళేదాన్ని. మీ ఇంట్లో కాపరానికి వచ్చిన కొత్తలో పెరట్లోకి వెళ్ళాలన్నా అడిగి వెళ్ళాను, మీరు మంచివారే, అయినా అడిగే వెళ్ళాను. మళ్ళీ అడగలేను అనిపించింది. అంతకంటే పెద్ద కారణం లేదు. ఉంటే బావుండేది.

ఆ తర్వాత పధ్నాలుగు నెలలు మీరు ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. ఇంకో రెండు మూడు అన్నాను, ఆగలేదు. మీకు మోకాళ్ళ నొప్పి తెప్పించాను, గేదె ఈనిందని చెప్పాను. ఆయన మీకు రాసిన జవాబులు పోస్ట్ చేస్తానని తీసుకుని చించేశాను. ఇల్లు కొనుక్కున్నాం, ఇదే ఇల్లు. గృహప్రవేశానికి మీ ఆశీర్వాదం చదివాను. ఏడాది దాటాక కబురు తెలిస్తే స్నానంతో సరి కదా, మైల పట్టక్కర్లేదు. ఏడాది దాటేదాకా ఆగి, ఎనభై ఏడు నవంబర్‌లో చెప్పాను. ఇవాళ ఉత్తరం వచ్చింది, మీ అక్క పోయారట అని. ఏది ఉత్తరం అన్నారు. చించేశానండీ, ఉంచకూడదు కదా అన్నాను. ఆయన బాత్‌రూమ్‌లోకి వెళ్ళి చొక్కా, ప్యాంటుతోనే షవర్ కింద నిలబడ్డారు.

ఎవరినైనా మోసం చేయాలంటే మన ఆచారాలు ఎంత పనికొస్తాయో చూశారా.

ఎనభై తొమ్మిదిలో ఆయన ఒక్కరే ఇండియా వెళ్ళారు, బెర్లిన్ గోడ పడగొట్టిన నెల. నేను ఆ పది రోజులు టీవీలో జనం సుత్తులతో గోడ కొట్టటం చూస్తూ కూచున్నాను, ఆయన తిరిగొచ్చి ఏం అడుగుతారా అని. తారీకు అందరికీ తెలుసు కదా అక్కడ. ఎవరో ఒకరు అనకపోతారా, మూడేళ్ళయిందిరా మీ అక్క పోయి అని.

ఏమీ అడగలేదు. వచ్చారు. సూట్‌కేస్‌లోంచి నాకు ఉప్పాడ చీర తీసి ఇచ్చారు. మీ ఫొటో ఉందన్నారు కానీ చూపించలేదు. మర్నాడు పొద్దున్నే ఆయనే ఫ్రేముల షాపుకి తీసుకెళ్ళారు. వారం తర్వాత ఇలా, చుట్టూ గోధుమరంగు అట్టతో, అద్దంతో తెచ్చి హాల్లో తగిలించారు. ఎవరూ ఏమీ అనలేదు, బతికిపోయాను అనుకున్నాను. ఆ చీర కట్టుకున్నాను కూడా.

ఇదిగో, మూడోది వచ్చింది.

ఇవాళ నాలుగింటికి ఏమైందంటే, మామూలుగానే అడిగారు. వచ్చిందండీ అన్నాను. మందుల కాగితం తీసుకుని చదువుతున్నాను. మేం క్షేమం, వరద తీసింది, గేదెని గట్టు మీద కట్టాం. అక్కడ ఫోన్ మోగింది, అదితి. మీటింగ్‌లోకి వెళ్తున్నానమ్మా, నాన్న ఎలా ఉన్నారు అంది. ఆగస్టులో ఉన్నారు అన్నాను. పెట్టేసింది. నేను కాగితం మడిచి లేవబోయాను.

ఆయన నా వంకే చూస్తున్నారు. జబ్బు లేనప్పుడు చూసినట్టు చూశారు. మెల్లగా అన్నారు.

"చివరి ముక్క మర్చిపోయావు గిరిజా."

ఏ ముక్కండీ అన్నాను.

"నీళ్ళు కాచుకుని తాగు."

అర్థమైందా వదినగారూ? ఈ మూడేళ్ళలో రోజూ, అక్క ఏం రాసిందో చూశావా అంటారు. అక్క గేదె గురించి రాయకుండా ఉండదు అంటారు. ఎప్పుడూ అక్కే. ఇవాళ అక్క రాయటం మర్చిపోయింది అనలేదు, చదవటం మర్చిపోయావా అని కూడా అనలేదు. మర్చిపోయావు అన్నారు.

ఎప్పట్నుంచి తెలుసండీ అని అడిగాను. ముప్ఫై తొమ్మిదేళ్ళలో నేను అడిగిన నిజమైన ప్రశ్న అదొక్కటే అనుకుంటా. ఆయన ఏదో చెప్పబోయినట్టు నోరు తెరిచారు. ఆల్బమ్ చేతిలోంచి జారింది. వంగి తీసుకున్నారు. మొదటి పేజీ తెరుచుకుంది.

షటిల్ ఎగిరిందా అన్నారు.

జబ్బు మనిషి నోరు జారి ఉండొచ్చు. మర్చిపోయింది అనబోయి మర్చిపోయావు అన్నారేమో. రోజుకి ఎన్ని మాటలు తప్పు పలుకుతారు, అందులో ఇదొకటి. అలాగే అనుకుందామని చూశాను. లేచి ఆయనకి టీ పెట్టాను. టీ మరుగుతుంటే మీ ఫ్రేము మీద నా కళ్ళు పడ్డాయి. అంత చిన్న ఫొటోకి కింద అంత వెడల్పు అట్ట ఎందుకు? పైన రెండు వేళ్ళు, పక్కల రెండు వేళ్ళు, కింద మాత్రం నాలుగు వేళ్ళు. ముప్ఫై ఆరేళ్ళు దుమ్ము తుడిచాను, నాకెప్పుడూ తట్టలేదు.

నాలుగోది ఊడింది. చాకు వంగిపోయింది.

అట్ట తీస్తున్నాను. జాగ్రత్త, అద్దం తగులుతుంది మీకు.

ఉంది.

ఫొటో అడుగున అన్నయ్యగారు రాయించారు, తెల్ల పెయింటుతో. మనవైపు అందరూ రాయించినట్టే. కీర్తిశేషులు సరోజ గారు. మరణం, ఆగస్టు ముప్ఫై, ఎనభైయ్యారు. దానికి పైన స్కేలు పెట్టి పెన్సిల్‌తో సన్నగా ఒక గీత ఉంది, చివర చిన్న బాణం గుర్తు. మీ తమ్ముడి గీతే. ఆఫీస్ డ్రాయింగుల్లో అలాగే గీసేవారు. ఇక్కడిదాకా అట్ట రావాలి అని ఆ షాపువాడికి గుర్తు పెట్టి ఇచ్చారన్నమాట.

అంటే ఆ చీర ఇచ్చేనాటికే తెలుసు. నాకు కనపడకుండా ఆయనే మూసేశారు. ఆ తర్వాత ఇన్నేళ్ళు నా ఎదురుగా కూచుని అన్నం తిన్నారు, అదితికి కారు నేర్పించారు, దాన్ని అత్తారింటికి పంపారు, రిటైర్ అయ్యారు. ఒక్కరోజు, ఒక్క మాట అనలేదు.

నాకు ఏడుపు రావాలి కదా? రావటం లేదు. మోకాలు నొప్పిగా ఉంది, అంతే తెలుస్తోంది.

క్షమించారా, లేకపోతే నాతో మాట్లాడే పని లేదనుకున్నారా? అది అడగాలి. ఎవర్ని అడగను? ఆ సంగతి తెలిసిన మనిషి ఎనభై తొమ్మిదిలో ఉన్నాడు. హాల్లో కూచున్న మనిషికి ఇంకా ఎనభై తొమ్మిది రాలేదు. ఎనభైయ్యారు ఆగస్టు దాటితే కదా వచ్చేది.

అదిగో, పిలుస్తున్నారు. వస్తున్నానండీ. లేదండీ, ఎగరలేదు, చలి ఎక్కువగా ఉందని వాయిదా వేశారు.

సరే వదినగారూ, మిమ్మల్ని మళ్ళీ లోపల పెట్టేస్తున్నాను. అట్ట ఆ గీత దాకానే పెడతాను, ఆయన పెట్టినట్టే. రేపు నాలుగింటికి చివరి ముక్క మర్చిపోకుండా చదువుతాను.